రెండో మనిషి బరువు

స్టేషన్ ఘన్‌పూర్‌కు ఆ పేరు రైలు తెచ్చిపెట్టింది. ములుగు దిక్కున మరో ఘన్‌పూర్ ఉండగా, సికింద్రాబాద్–కాజీపేట రైలు మార్గం మీది ఈ ఊరిని జనం ‘స్టేషన్’ చేర్చి పిలుచుకున్నారు. 2016లో జిల్లాలు మారినప్పుడు వరంగల్ నుంచి జనగామ జిల్లాలోకి వచ్చింది. గోదావరి ఈ ఊరి పక్కన పారదు. ఏటూరునాగారం ప్రాంతంలోని గంగారం దగ్గర ఎత్తిపోసిన నీళ్లు దేవాదుల పథకం పైపుల్లో పడి, గుట్టలు దాటి, ఘన్‌పూర్ రిజర్వాయర్‌కు చేరతాయి.

ఆ రిజర్వాయర్ కట్ట మీద ఒక సాయంత్రం ఇద్దరు కూర్చున్నారు. మామ అరవై దాటిన మత్స్యకారుడు. మేనల్లుడు సైన్యంలో చేరి, అక్కడ రోయింగ్ నేర్చి, సెలవు మీద ఇంటికొచ్చినవాడు. ఇద్దరూ తెడ్డు పట్టినవాళ్లే. ఇద్దరి పడవను ఒక్కరు నడపొచ్చా అన్న మాట మీదే ఇద్దరికీ పడలేదు.

అల్లుడు: మామా, నాలుగు రోజుల సంది చూస్తున్న. తెల్లారకముందే నువ్వొక్కనివే పుట్టి ఎక్కి నడి నీళ్లల్లకు పోతున్నవ్. అది ఇద్దరి పుట్టి. అత్త తెడ్డు పట్టేది, నువ్వు వల పట్టేటోనివి. గిట్ల ఒంటరిగ పోవుడు బంద్ చెయ్యాలె.

మామ: మీ అత్తకు మోకాళ్లు పట్టుకపోయినయ్. పుట్టి ఎక్కుడు అటుంచు, ఈ కట్ట దిగుడే కష్టమైతుంది. కొడుకులిద్దరు హైదరాబాద్‌ల ఉన్నరు. రాత్రి కట్టిన వల పొద్దుగాల తియ్యకపోతే చేప మెత్తవడ్తది. మెత్తవడ్డ బొచ్చెను ఎవడు కొంటడు? మనిషి తోడు లేడని వల ఆగుతదా?

అల్లుడు: సంఘంల ఇంతమంది ఉన్నరు. తోడు రమ్మంటే ఒక్కరు రారా?

మామ: వయసు పోరగాళ్లు కూలిగిట్టే పనికే పోతరు. వాళ్లను తప్పు పట్ట. ఒంటరిగ పోయేటోడు ఇంకొకడున్నడు, తెప్ప మీద. వానికి నాకు మాట లేదు. వల కట్టే జాగ కాడ తగువైంది, రెండేండ్లాయె. ఆ ముచ్చట వద్దు. అయినా నడుపుడు వచ్చినోనికి తోడెందుకు? పుట్టికి ముక్కు లేదు, తోక లేదు. కొత్తోడు పక్క నుంచి తెడ్డేస్తే గిర్రున తిరుగుతది. ముందల వంగి కూసొని, తెడ్డు ఎదురుంగ దించి, ఇటింత అటింత నీళ్లను మన దిక్కు గుంజుకోవాలె. అది చేతికొస్తే ఒక్కడైనా నడుపుతడు. నాకు మీ అత్తనే నేర్పింది. ఆమె పుట్టిల్లు కృష్ణ ఒడ్డు. అక్కడ ఆడోళ్లు తెడ్డు పడ్తరు, మొగోళ్లు వల పడ్తరు.

అల్లుడు: నడుపుడు గురించి నేను కొట్లాడ్తలేను. నేను కూడా ఇద్దరి పడవను ఒక్కన్నే నడిపిన.

మామ: మరింకేం! నువ్వు నడిపితే ఆట, నేను నడిపితే తప్పా?

అల్లుడు: విను మామా. మా దగ్గర ఇద్దరి పడవలు రెండు తీర్లుంటయ్. ఒకదాంట్ల ఒక్కొక్కరికి ఒక్కటే తెడ్డు. ఒకరిది కుడికి, ఇంకొకరిది ఎడమకు. దాన్ని పెయిర్ అంటరు. దాంట్ల ఒక్కడే కూసొని లాగితే నీ పుట్టి లెక్కనే తిరుగుతది, తిన్నగ పోనే పోదు. ఇంకో తీరు డబుల్ స్కల్. దాంట్ల ఒక్కొక్కరికి రెండేసి తెడ్లు. అది ఒక్కనితోని కూడా నడుస్తది. పుణెల శిక్షణల ఉన్నప్పుడు నా జోడీకి జ్వరమొచ్చింది. కోచ్‌ను అడిగి, జోడీ తెడ్లు తీసి గట్టున పెట్టి, నేనొక్కన్నే డబుల్ తీసుకపోయిన.

మామ: ఎట్లుండె?

అల్లుడు: పది మీటర్ల పొడుగు, మనిషి నడుమంత వెడల్పు. నేను ముందు కొన దిక్కు సీటుల కూసున్న. పడవ ముక్కు నీళ్లల్లకు దిగింది, తోక లేసింది. లేసిన తోకకు గాలి తగిలి పడవ మాటిమాటికి పక్కకు తిరుగుతుండె. మేము ఎనక్కి మొఖం పెట్టి కూసొని ముందుకు పోతం. వచ్చిన తొవ్వ కనవడ్తది, పోయే తొవ్వ కనవడదు. మెడ తిప్పి చూసినప్పుడల్లా పడవ ఒరిగేది. రెండు తెడ్లు రెండు రెక్కల లెక్క నీళ్ల మీద ఆనుకొని ఉంటేనే ఆ పడవ నిలవడ్తది. చేతులు వదిలితే బోర్ల పడుడే. గట్లనే ఒక్క చుట్టు తిరిగొచ్చిన. ఆ రోజు ఒకటి తెలిసింది మామా, నీకు దాచ.

మామ: చెప్పు.

అల్లుడు: ఆరు నెలల సంది మా పడవ ఒకదిక్కు ఒరుగుతుండె. నా జోడీనే సక్కగ లాగుతలేడని నేను లోలోపల తిట్టుకుంటుంటి. ఒకటి రెండుసార్లు మొఖం మీదనే అన్న. ఆ రోజు వాడు పడవల లేడు. అయినా పడవ అదే దిక్కు ఒరిగింది. తప్పు నా చేతులది. రెండు చేతుల ఎత్తు సమానంగ పెడ్తలేను. వాడు ఆరు నెలలు నా తప్పును తన నడుముతోని సరిచేస్తుండె, ఒక్కసారి కూడా చెప్పలే.

మామ: చూసినవా! ఒంటరిగ పోతేనే నీ తప్పు నీకు తెలిసింది. నేను చెప్పేది అదే. ఇద్దరుంటే తప్పు ఎవరి మీద పెట్టాల్నో ఎతుక్కుంటం. ఒక్కనివైతే నువ్వు, నీళ్లు. ముప్పై ఏండ్లల్ల నేర్వంది ఈ రెండేండ్లల్ల నేర్చిన. గాలి ఏ దిక్కు తిరిగితే వల ఎటు జరుగుతది, మునిగిన చెట్ల మొద్దులు యాడున్నయ్, నడుము ఎంత వంచితే పుట్టి ఎంత ఒరుగుతది, అన్ని. అంతకుముందు ఇవన్నీ మీ అత్తకే ఎరుక. నేను వల చూసుకుంట కూసుంటుంటి.

అల్లుడు: ఒక్కనాడు పోయి తెలుసుకునుడు వేరు, రోజూ పోవుడు వేరు. నేను పోయిన రోజు గట్టు మీద కోచ్ ఉన్నడు, పక్కన మోటరు పడవ ఉన్నది. నీకు ఎవరున్నరు? వల కాలికి చుట్టుకుంటే ఎంత ఈత వచ్చినా పనికి రాదు. అంగీ గుండీకి ఒక్క కన్ను పట్టినా సాలు.

మామ: గందుకే నేను బనీను మీదనే పోత. మొలకు సిన్న కత్తి కట్టుకుంట. నీళ్ల మీద బతికినోనికి అంత సోయి లేకుండదు బిడ్డా.

అల్లుడు: నేను తెచ్చిన లైఫ్ జాకెట్ గూటంకు అట్లనే వేలాడ్తుంది.

మామ: అది ఏసుకుంటే వంగరాదు. వల లాగేటప్పుడు పొట్టకు అడ్డమొస్తది.

అల్లుడు: కొన్ని రోజులు ఏసుకుంటే అదే అలవాటైతది. నీ వల కూడా మొదటి రోజే చేతికి రాలే కదా. ప్రమాదంల సచ్చిపోయిన మత్స్యకారుని ఇంటికి ఐదు లక్షల బీమా ఇస్తరు, ఎరుకేనా? ఆ కాగితం మీద వేలిముద్ర ఏసేది మా అత్త. అది తలుచుకొని చెప్పు, జాకెట్ బరువా అని.

మామ: (కొంతసేపు నీళ్ల దిక్కు చూసి) సరే, జాకెట్ సంగతి చూద్దాం. కాని ఒకటి అడుగుత. మీ ఆటల ఇద్దరు నడిపితే పడవ రెండింతల వేగం పోతదా?

అల్లుడు: పోదు. మా పందెం 2000 మీటర్లు. లోకంల మంచి మంచోళ్లు ఒక్కరి పడవల ఆరున్నర నిమిషాల దగ్గర్ల ముగిస్తరు. ఇద్దరి పడవల ఆరు నిమిషాల దగ్గర్ల. మొత్తం తేడా అర నిమిషం.

మామ: గంతేనా? ఒక మనిషి రెక్కల కష్టమంతా పోసి అర నిమిషమా!

అల్లుడు: నీళ్లు గట్లనే ఆపుతయ్. వేగం రెండింతలు చేస్తే నీళ్లు దాదాపు నాలుగింతలు ఎదురు నెట్టుతయ్. దానికి తోడు ఇద్దరి పడవ బరువు. మా నియమంల ఒక్కరి పడవ 14 కిలోలకు తక్కువుండొద్దు, ఇద్దరిది 27 కిలోలకు తక్కువుండొద్దు. రెండో మనిషి వచ్చి పడవను రెండింతలు ఉరికియ్యడు.

మామ: మరి నా మాటే నెగ్గింది. నీ లెక్కల ప్రకారమే రెండో మనిషి లేకుంటే పోయేది సిన్న ముక్క. ఆ ముక్క కోసం నేను పని ఆపాల్నా?

అల్లుడు: ఆడనే పొరపాటు పడ్తున్నవ్. రెండో మనిషి పనిని వేగంతోని కొలుస్తున్నవ్. మాకు మొదటి మొదట నేర్పేటప్పుడు ఏం చేస్తరో ఎరుకనా? ఒకన్ని లాగమంటరు, ఇంకొకన్ని లాగొద్దంటరు. లాగనోడు తెడ్లు నీళ్ల మీద పరిచి, కదలకుండ కూసోవాలె. చూసేటోనికి ఊకె కూసున్నట్లు కనవడ్తది. కాని పడవ బోర్ల పడకుండ పట్టుకున్నది వాడే. వాడు జర కదిలినా, దగ్గినా, లాగేటోని తెడ్డు లోతు తప్పుతది. మొదట్ల నాకు కూసునుడు అంటే నామోషీ అనిపించేది. తర్వాత తెలిసింది, లాగుడుకన్నా కూసునుడే కష్టం.

మామ: ఊ.

అల్లుడు: నువ్వు వల లాగుతవ్. వల నిండ చేప ఉంటే ఆ బరువంతా ఒకదిక్కు. నువ్వు కూడా అదే దిక్కు ఒరుగుతవ్. మరి ముప్పై ఏండ్లు పుట్టి ఎందుకు బోర్ల పడలే?

మామ: (నెమ్మదిగా) మీ అత్త అవతలి అంచు మీద కూసునేది. తెడ్డు ఒళ్ల పెట్టుకొని. నేను ‘తెడ్డెయ్యి, తెడ్డెయ్యి’ అని కసురుకునేది. ‘ఏస్తున్న’ అనేది. ఏసేది కాదు. ఒరుగుతుండె. ఇప్పుడు యాదికొస్తుంది. నేను వంగిన కొద్ది ఆమె ఎనక్కి ఒరిగేది. నేను లేస్తే ఆమె నడిమిట్లకు జరిగేది. ఆమె తోడు రానప్పటి సంది వల సగమే లాగుతున్న. సగం లాగి ఆపుత, అవతలికి జరిగి పుట్టిని సమం చేసుకుంట, మళ్ల వచ్చి లాగుత. ముసలితనమొచ్చింది, బలం తగ్గింది అనుకున్న.

అల్లుడు: బలం కాదు మామా, నీ ఎదురు బరువు పోయింది.

మామ: అయితే అయింది. బరువు కావాలంటే రాయి పెట్టుకుంట. అవతలి అంచుకు ఇసుక బస్తా కడ్త.

అల్లుడు: బస్తా నిన్ను చూసి ఒరగదు. నువ్వు లేసినప్పుడు అది లేవదు. నువ్వు వల వదిలేస్తే అదే నిన్ను బోర్ల పడేస్తది. పైగా నువ్వు నీళ్లల్ల పడితే బస్తా కేక పెట్టదు.

మామ: మాటలు మస్తు నేర్చినవ్. కాని లోకంల ఒంటరిగ నీళ్ల మీదికి పోయేటోళ్లు లేరా?

అల్లుడు: ఉన్నరు. ఇంగ్లండు పక్కన వేల్స్ దేశం ఉంది. అక్కడ కూడ మన పుట్టి అసుంటిదే, కొరాకిల్ అంటరు. ఒక్క మనిషే పడ్తడు. పనైనంక తాబేలు లెక్క ఈపున మోసుకొని ఇంటికి పోతడు. టైవీ, టవీ అనే నదులల్ల వాళ్లు చేపలు పడ్తరు. ఎట్ల పడ్తరో చెప్పనా? రెండు పుట్లు పక్కపక్కన పోతయ్, నడుమ ఒక వల. ఒక అంచు ఈ పుట్టోని చేతుల, ఇంకో అంచు ఆ పుట్టోని చేతుల. పుట్టి ఒక్కనిదే గాని, పని ఇద్దరిది.

మామ: గది మంచిగున్నది. వాళ్లకు తగువులు రావా?

అల్లుడు: వస్తయేమో. కాని వల ఇద్దరి చేతుల్ల ఉండాలె కదా. ఇంకొక ముచ్చట చెప్త. నాసిక్ దిక్కు తలేగావ్ రోహి అని ఒక కరువు ఊరు. దత్తు భోకనల్ అనే రోయర్‌ది ఆ ఊరే. నాయినతోని బావులు తవ్వినోడు. 2012ల సైన్యంల చేరినంకనే తెడ్డు పట్టిండు. 2016 రియో ఒలింపిక్స్‌ల ఒక్కరి పడవల 13వ స్థానం తెచ్చిండు. 2018 ఆసియా క్రీడలల్ల ఒక్కరి పడవల పతకం రాలే, ఫైనల్‌ల ఎనకవడ్డడు. ఆగస్టు 24న మళ్ల నీళ్లల్ల దిగిండు. ఈసారి స్వర్ణ్ సింగ్, ఓం ప్రకాశ్, సుఖ్‌మీత్ సింగ్‌లతోని నలుగురి పడవల. బంగారు పతకం గెలిచిన్రు.

మామ: ఆయన మంచిగ లాగేటోడు, కూడిన ముగ్గురు కూడ మంచిగ లాగేటోళ్లు. నాది పతకం కాదు బిడ్డా, పొయ్యి మీదికి కూర. ఇంకో మాట చెప్త, నీకు కోపం రావొద్దు. నేను ఒంటరిగ పోయేది పూట గడుపుడు కోసమే కాదు. పొద్దున ఆ చీకట్ల నీళ్లు ఉలుకూ పలుకూ లేకుండ ఉంటయ్. కాజీపేట దిక్కు పోయే రైలు కూత నీళ్ల మీదికెళ్లి వస్తది. తెడ్డు చప్పుడు నాకొక్కనికే వినవడ్తది. ఆ గడియల నేను ఎవలకు బాకీ లేను. దాన్ని కూడ వదులుకోమంటవా?

అల్లుడు: అది వదులుకొమ్మని నేను అనలేను. ఆ రోజు డబుల్‌ల ఒక్కన్నే ఉన్నప్పుడు నాకు కూడ ఆ గడియ దొరికింది. అబద్ధమెందుకు చెప్పాలె. కాని ఆ రోజు ఇంకోటి అయింది, నేనింకా చెప్పలే.

మామ: ఏమైంది?

అల్లుడు: తిరిగి గట్టుకొచ్చిన. పడవను నీళ్లల్లకెళ్లి తీసి షెడ్డుల పెట్టాలె. 27 కిలోలు నాకు లెక్క కాదు. గోధుమ బస్తా అంతకన్న బరువుంటది. కాని పది మీటర్ల పొడుగు. భుజం మీద ఎత్తుకుంటే ముందు కొన ఊగుతది, ఎనక కొన నేలకు తగులుతది. పెంకు పలచగుంటది, రాయి తగిలితే పగులుతది. పొద్దున తీసుకపోయేటప్పుడు పక్కోడొకడు చెయ్యి పట్టిండు, అది నేను పట్టించుకోలే. ఇప్పుడు ఎవరు లేరు. నీళ్ల మీద ఒక్కన్నే రాజు లెక్క తిరిగొచ్చినోన్ని, గట్టు కాడ పడవ పట్టుకొని నడుములోతు నీళ్లల్ల నిలవడ్డ. దాన్ని నీళ్ల మీద నడపగలిగిన గాని, నీళ్ల దాక మోయలేను, నీళ్లల్లకెళ్లి ఇంటికి తేలేను. అరగంటకు నా జోడీనే వచ్చిండు, ఒంటి మీద శాలువ కప్పుకొని, జ్వరంతోని. ఏమనలే. ఎనక కొన పట్టిండు.

మామ: (చాలాసేపు మాట్లాడడు. తన అరచేతులు తిప్పి చూసుకుంటాడు. వేళ్ల మడతల్లో వల దారం కోసిన గీతలు తెల్లగా ఉన్నాయి.) ఒకటి చెప్త, ఎవలకు చెప్పకు. మీ అత్త రానప్పటి సంది కూడ చేప అమ్మినంక పైసలు రెండు పాళ్లు చేస్త. ఒకటి నాది, ఒకటి ఆమెది. ఆమె పాలు ఆమె చేతులనే పెడ్త. ‘నేను రాకపోతి, నాకెందుకు’ అంటది. ‘ఉంచు’ అంట. ఎందుకు పెడ్తున్ననో నాకే తెలియకుండె. పుట్టి ఇద్దరిది కాబట్టి పాళ్లు కూడ రెండే అనుకున్న. ఇయ్యాల అర్థమైంది. అది ముప్పై ఏండ్ల బాకీ. ఒరిగినందుకు.

అల్లుడు: మరి రేపటి సంగతి?

మామ: రేపు నువ్వు రా. అవతలి అంచు మీద కూసో. తెడ్డు నీ ఒళ్ల పెడ్త గాని, లాగకు.

అల్లుడు: వస్త. కాని నా సెలవు ఇంకో పన్నెండు రోజులే మామా. నేను పోయినంక?

మామ: అదే ఆలోచిస్తున్న. ఆ కొరాకిలోళ్ల ముచ్చట మళ్ల చెప్పు. రెండు పుట్లు ఎంత దూరంల పోతయ్?

అల్లుడు: వల పట్టేటంత దూరం. వల లేకున్నా సరే, పిలిస్తే వినవడేటంత దూరంల ఉంటే సాలు. నీ గడియ నీకుంటది. నీ తెడ్డు చప్పుడు నీకుంటది. పక్కన ఇంకొకని తెడ్డు చప్పుడు కూడ ఉంటది.

మామ: నేనింకా నీ మాటకు పూర్తిగ ఒప్పుకోలే. ఒంటరిగ పోవుడు పాపం కాదు. ఒంటరిగ పోకపోతే మీ అత్త ఏం చేసిందో నాకు సచ్చేదాక తెలియకపోవు. నీకూ నీ జోడీ సంగతి తెలియకపోవు. పోయి తెలుసుకోవాలె, ప్రతి ఒక్కడు.

అల్లుడు: తెలుసుకున్నంక తిరిగి రావాలె అంట నేను. గంతే మామా, మన ఇద్దరికి తేడా.

మామ: (లేచి, కండువా దులిపి భుజం మీద వేసుకుంటాడు.) చీకటి పడకముందె పోదాం పద.

అల్లుడు: ఇంటికేనా?

మామ: ఇంటికి కాదు, వాని ఇంటికి. తెప్పోని ఇంటికి. రెండేండ్లాయె ఆ గడప తొక్కక. జాగ ముచ్చట నేనే మొదలు పెడ్త. కోపమొచ్చి నేనొక దిక్కు ఒరిగితె ఒరుగుత. నువ్వేం మాట్లాడకు. నా పక్కన కూసో.